గాలపు దారము – చేపల క్షేమము

గత వర్షకాలమున ఒక సోమవారము ఉదయమున మన పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు తడిసిన గోనెసంచితో ప్రకృతిశాస్త్రపు గదిలోనికి వచ్చెను. సంచిలో రెండు పౌన్ల తూకముగల బంగారుతీగ చేప యుండెను. ముందటి సాయంకాలము ఊరి చెరువులో గాలము వేసి పట్టితినని చెప్పి, దాని నోరు తెరచి చూపెను. అతని గాలము పెదవికి తగిలి యున్నది. కాని గొంతులోపల తుప్పుపట్టిన మరియొక గాలము కండలో దిగబడి యుండెను. దానినుండి గజము పొడవుగల సన్నని నైలాను దారము, నాచు పట్టి, మొప్పల క్రిందుగా వెలుపలికి వ్రేలాడుచుండెను. చేప పొట్ట లోనికి పోయి, తల మాత్రము పెద్దదిగా కనబడుచుండెను. ఎన్నాళ్ళనుండియో అది సరిగా మేత తిని యుండలేదు.

"ఈ రెండవ గాలము ఎవరిది, మాస్టారూ?" అని అతడడిగెను.

నేను ఆ దారమును కడిగి, వెలుతురున పట్టి చూచితిని. లేత ఆకుపచ్చరంగు దారము. దానిని చూచుటతోడనే బాలుని మొగము చిన్నబోయెను. అది అతనిదే. వేసవి సెలవులలో ఇంగ్లండునుండి వచ్చిన అతని మేనమామ ఆ దారపు ఉండను కానుకగా నిచ్చెనట. నీటిలో చేపకు కనబడనంత సన్ననిదను సంతోషముతో అతడు దానినే వాడి, ఒక నెలలో మూడు చేపలను దారము తెగి పోగొట్టుకొనెను. "పోయినవి పోయినవేగదా" యని ఊరకుండెనే గాని, అవి గాలములను నోట పెట్టుకొనియే పోయినవని అతనికి తోచలేదు.

దారపు ఉండమీది చీటిపై "3 పౌన్లు" అని యుండెను. ఆ చీటిని చదువుట అతనికెవరును నేర్పలేదు. నేర్పవలసినవారము పెద్దలమైన మనమే. చెరువుగట్టున గాలముతో కూర్చుండు బిడ్డలు మన యిండ్లలో ననేకులు గలరు. అది చెడ్డ వినోదము కాదు. ఓర్పును, చూపును, ప్రకృతిజ్ఞానమును అది నేర్పును. అయితే దానితోపాటు నేర్పవలసినది మరియొకటి కలదు. అది దారపు బలమును గూర్చిన వివేకము.

తెంపుబలమనగా నేమి?

గాలపు దారపు ఉండమీద అచ్చువేసిన పౌన్ల లెక్కను తెంపుబలమందము. ముడి లేని క్రొత్త దారమును నిలకడగా లాగినపుడు అది ఎంత లాగుడునకు తెగునో ఆ లెక్క యది. ఒక పౌను సుమారు 454 గ్రాములు. కావున 3 పౌన్ల దారము సుమారు 1,360 గ్రాముల లాగుడునకు తెగునన్నమాట. చాలమంది దీనిని "3 పౌన్ల చేపను పట్టగల దారము" అని అర్థము చేసికొందురు. ఇది రెండు విధముల పొరపాటు.

మొదటిది: నీటిలోని చేపకు బరువు దాదాపు లేదు. దాని కడుపులోని గాలితిత్తి దానిని నీటిలో తేల్చి యుంచును. కావున గెడ వంగుచు, రీలు దారమును విడుచుచు నున్నచో, 6 పౌన్ల దారముతో 10 పౌన్ల చేపను ఓర్పుగా గట్టునకు తెచ్చుట సాధ్యమే. రెండవది: చేప ఒక్కుమ్మడిగా పరుగు తీసినపుడు దారముపై పడునది దాని బరువు కాదు, కుదుపు. వంగుటకును సడలుటకును ఏమియు లేనిచో, రెండు పౌన్ల చేపయే 3 పౌన్ల దారమును పుటుక్కున త్రెంపును. మన బాలునికి మూడుమార్లు జరిగినదిదియే. అతనిది రీలులేని వెదురుగెడ. దారము గెడకొనకు బిగించి కట్టినది.

ఇక "సన్ననిదారము చేపకు కనబడదు" అను మాట. దారపు బలము దాని అడ్డుకోత వైశాల్యమునుబట్టి యుండును. అనగా మందము రెట్టింపైనచో బలము నాలుగింతలగును. ఒకే రకపు నైలానులో 12 పౌన్ల దారము 3 పౌన్ల దారముకంటె నాలుగురెట్లు లావు కాదు; రెండురెట్లు మాత్రమే. లెక్కలలో వర్గములు నేర్చిన ప్రతి బాలునికిని ఈ సంగతి బోధపడగలదు. కొద్దిపాటి లావును సహించినచో ఎంతో బలము లభించును.

ఆ ఉండ పుట్టిన దేశమున

ఆ దారము ఏ వేటకై తయారైనదో తెలిసికొన్నచో దాని తప్పొప్పులు తెలియును. ఇంగ్లండులో గాలపువేటగాండ్రు మంచినీటి చేపలను రెండు తెగలుగా చెప్పుకొందురు. సాల్మను, ట్రౌటు మొదలైనవి "గేమ్" చేపలు. కార్పు, టెంచి, రోచి, బ్రీము, బార్బెలు, పెర్చి, పైకు మున్నగు తక్కినవి "కోర్స్" చేపలు. ఆ మాటకు మోటువని యర్థము. ఈ మోటుచేపలను అక్కడివారు తినుట నేడు మిక్కిలి అరుదు. పట్టి, చూచి, తూచి, మరల నీటిలో విడిచిపెట్టుదురు. కావున ఒకే చేప తన జీవితకాలమున పెక్కుమార్లు పెక్కుమందిచేత పట్టుబడవచ్చును. చేప క్షేమముగా తిరిగిపోవుట అక్కడ దయకు మాత్రమే కాదు, వేట నిలుచుటకే మూలము.

ఈ జాగ్రత్త ఒక్కనాట రాలేదు. 1653లో ఐజాక్ వాల్టను తన ప్రసిద్ధమైన గాలపువేట గ్రంథమును ప్రకటించునాటికి దారములు గుఱ్ఱపుతోక వెండ్రుకలతో పేనినవి. మోటుచేపలు గ్రుడ్లుపెట్టు కాలమున వేటను నిషేధించు చట్టము 1878లో వచ్చెను. నేడును ఇంగ్లండు నదులలో మార్చి 15 మొదలు జూన్ 15 వరకు ఆ చేపలకు గాలము వేయరాదు. 13 సంవత్సరములు నిండిన ప్రతివారికిని లైసెన్సు ఉండవలెను. నైలానును 1938లో అమెరికాలోని డ్యూపాంటు సంస్థ లోకమునకు ప్రకటించిన తరువాత, సన్నముగాను గట్టిగాను ఉండు ఒంటిపోగు దారము ఎల్లవారికి అందుబాటులోనికి వచ్చినది.

ఆ దేశమున పెద్ద కార్పుచేపను పట్టుట అసాధ్యమను భావము చాలకాలముండెను. కనబడినవి దారములను తెంపుకొని పోవుచుండెడివి. రిచర్డు వాకరు అను ఇంజనీరు దానిని లెక్కగా ఆలోచించెను. గెడ, దారము, గాలము ఒకదానికొకటి తగినట్లుండవలెనని అతని సిద్ధాంతము. గెడకొనను లాగి, మొదలునకు లంబకోణముగా వంచుటకు ఎన్ని పౌన్ల లాగుడు కావలెనో కొలువవలెను. ఆ సంఖ్యను ఐదుచేత గుణించినచో ఆ గెడకు తగిన దారపుబలము వచ్చును. ఒకటిన్నర పౌనునకు వంగు గెడకు ఏడున్నర పౌన్ల దారము తగును. 1952 సెప్టెంబరులో హియర్‌ఫర్డుషైరులోని రెడ్‌మియరు కొలనులో ఆయన 44 పౌన్ల కార్పును గట్టునకు చేర్చెను. ఆ దారము చేప బరువులో మూడవవంతునైనను గాలిలో మోయజాలనిది. ఆ చేప చావలేదు. దానిని లండను జంతుప్రదర్శనశాలకు పంపగా, అక్కడి నీటితొట్టిలో 1971 వరకు బ్రతికెను. సరియైన పనిముట్లతో పట్టిన చేప ఎంతకాలము బ్రతుకగలదో చెప్పుటకు ఇంతకుమించిన సాక్ష్యమక్కరలేదు.

ఆ కార్పును మన బంగారుతీగయు ఒకే జాతివని పాఠకులు గమనింపవలెను. 1939లో ఆ జాతి చేప సింహళమునుండి నీలగిరులకు వచ్చెను. 1957లో బాంకాకునుండి మరియొక రకము కటకమునకు తెప్పించిరి. నేడు దక్షిణదేశపు చెరువులలో అది ఇంటిచేపవలె నున్నది. కావున అక్కడి అనుభవము మనకును పనికివచ్చును.

అక్కడి వాడుక స్థూలముగా ఇది: రోచి, చిన్న పెర్చి చేపలకు 2 లేక 3 పౌన్లు, టెంచి, బ్రీములకు 4 మొదలు 6, ప్రవాహమున బలముగా లాగు బార్బెలునకు 8 మొదలు 12, కార్పునకు 10 మొదలు 15, పదునైన పండ్లుగల పైకునకు 15 పౌన్ల నైలానును, చివర తీగయు. దీనినిబట్టి చూడగా, అరపౌను రోచిచేపకై చేసిన దారముతో మన బాలుడు బంగారుతీగను వేటాడెనని తెలియుచున్నది. దారము చెడ్డది కాదు. దానిని వాడిన చోటు తప్పు.

ఎంత బలము తగును?

దారమును ఎన్నుకొనునపుడు నాలుగు సంగతులు విచారింపవలెను.

మొదటిది, ఆ నీటిలో తగులుటకు అవకాశముగల అన్నిటికంటె పెద్దచేప ఏది? మనము కోరు చేపను కాదు, రాదగిన చేపను లెక్కించవలెను. పరిగెకై వేసిన ఎరను ఐదుపౌన్ల బొచ్చె మ్రింగిన దినములు కలవు.

రెండవది, నీటి యడుగున నేమున్నది? ఇసుక నేల, తెరపినీరు అయినచో తక్కువబలము చాలును. తామరతూండ్లు, నాచు, మునిగిన తుమ్మకంపలు, రాళ్ళు ఉన్నచో చేప మొదటిపరుగున వానిలో దూరును. అచ్చట దానిని ఆపగల బలము కావలెను. ఆపలేనిచో అది చిక్కుకొని, దారముతోకూడ అక్కడనే చచ్చును.

మూడవది, గెడ ఎట్టిది? బాగుగా వంగు గెడయు, సడలించుకొను రీలును ఉన్నచో దారమునకు సగము శ్రమ తగ్గును. రీలు బిగువును దారపు తెంపుబలములో నాలుగవవంతు మొదలు మూడవవంతువరకు అమర్చుట మంచి పద్ధతి. రీలులేని వెదురుగెడకు ఈ వెసులుబాటు లేదు. కావున దారము మరికొంత గట్టిదై, గెడకొన సన్నమై చక్కగా వంగునదై యుండవలెను.

నాల్గవది, గాలము దారమునకు తగినదా? గట్టిదారమునకు పలుచనితీగ గాలమును కట్టినచో గాలము వంగి నిటారగును. మెత్తనినోటి చిన్నచేపను మోకువంటి దారముతో వెలుపలికి విసరినచో పెదవి చిరుగును. బలమెక్కువైన కొలదియు మేలని చెప్పుటకు వీలులేదు. తగిన బలమే మేలు.

మన చెరువుల విషయమున నా అభిప్రాయమిది: పరిగెలకును చిన్న జెల్లలకును 3 లేక 4 పౌన్లు, రెండుమూడు పౌన్ల బంగారుతీగ, శీలావతి ఉండు తెరపినీటిలో 8, అదే నీటిలో తామరయు కంపయు ఉన్నచో 10 మొదలు 12, నాచు నడుమ పొంచియుండు కొరమీనునకు 15కు తక్కువ కారాదు. అనుమానము కలిగినచో పై మెట్టునే ఎన్నుకొనవలెను. చేప పడకపోయినచో నష్టము మనకు ఒక సాయంకాలము. తెగిపోయినచో నష్టము దానికి ప్రాణము.

ముడి – అరుగు – ఎండ

చీటిమీది లెక్క ముడి వేయని దారమునకని పైన చెప్పితిని. ఆ బాలుడును నేనును ఒక స్ప్రింగుత్రాసుతో చిన్న పరీక్ష చేసితిమి. అతని 3 పౌన్ల దారమున ఒక మామూలు ముడివేసి త్రాసుకొక్కెమునకు కట్టి మెల్లగా లాగగా, రెండు పౌన్లు చేరకముందే సరిగా ముడియొద్దనే తెగెను. మామూలు ముడి నైలాను బలమును దాదాపు సగమునకు తెచ్చును. దారము తన్నుతానే కోసికొనుట దీనికి కారణము.

మంచి ముడిని వేయుట కష్టము కాదు. దారపుకొనను గాలపు కంటిలోనుండి దూర్చి, అసలు దారముచుట్టు ఐదారు చుట్లు త్రిప్పి, మరల ఆ కొనను కంటికి ప్రక్కన ఏర్పడిన చిన్న ఉచ్చులోనుండి పోనిచ్చి, నీటితో తడిపి, మెల్లగా బిగింపవలెను. తడుపకుండ బిగించినచో రాపిడివేడికి నైలాను చెడును. బిగించిన పిమ్మట చేతితో లాగి చూడవలెను. తెగవలసినచో చేతిలోనే తెగుట మేలు.

దారమునకు అరుగుదలయు కలదు. రాళ్ళకు, ఆలిచిప్పలకు ఒరసికొన్నచోట గరుకు ఏర్పడును. ప్రతిదినము వేటకు ముందు చివరి రెండుగజముల దారమును బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పోనిచ్చి, గరుకు తగిలినచో అంతవరకు కత్తిరించి వేయవలెను. ఎండలో విడిచిన నైలాను కాలక్రమమున పెళుసుబారును. దానిని చీకటిచోట దాచవలెను. పోయిన సంవత్సరపు దారమును పరీక్షింపక వాడుట పొదుపు కాదు.

చేప శరీరమున నేమి జరుగును?

సన్ననిదారము తెగకపోయినను హాని చేయగలదు. అది తెగునేమోయను భయమున వేటగాడు చేపను గట్టిగా లాగక, అరగంటసేపు ఆడించును. అట్టి పెనుగులాటలో చేప కండరములు ప్రాణవాయువు చాలక పనిచేయవలసివచ్చును. లాక్టికామ్లము పేరుకొనును, రక్తపు ఆమ్లత్వము పెరుగును. అది మరల సమస్థితికి వచ్చుటకు గంటలు పట్టును. విడిచినపుడు ఈదుచు పోయిన చేప, ఎవరును చూడనిచోట ఆ రాత్రి చావవచ్చును.

మన ఉష్ణదేశమున ఈ విషయము మరింత ముఖ్యము. 10 డిగ్రీల సెంటీగ్రేడు నీరు లీటరునకు 11 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువును ఇముడ్చుకొనగలదు. 30 డిగ్రీల నీరు ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే. వేడినీటిలో చేపకు అవసరమేమో హెచ్చు, లభించునది తక్కువ. అందుచేత వేసవి మధ్యాహ్నములందు, చెరువు ఇంకియున్న దినములందు, విడిచిపెట్టదలచిన చేపలకు గాలము వేయకుండుటే ధర్మము.

1992లో కెనడా శాస్త్రజ్ఞులు ట్రౌటుచేపలపై చేసిన పరీక్ష ఒకటి తలిదండ్రులు బిడ్డలకు చెప్పదగినది. అలసిపోవునట్లు తరిమి వెంటనే నీటిలో నుంచిన చేపలలో నూటికి 12 చచ్చినవి. అలసినపిమ్మట 30 సెకండ్లు గాలిలో ఉంచినవానిలో 38. ఒక నిముషము ఉంచినవానిలో 72 చచ్చినవి. ట్రౌటు సుకుమారమైన చేప. బంగారుతీగ దానికంటె గట్టిది. అయినను పాఠము స్పష్టమే: ఫొటోకై చేపను గట్టుమీద నెత్తిపట్టుకొన్న ఒక్క నిముషము దానికి ఎట్టిదో తెలియుచున్నది. చేపకు నొప్పి తెలియునా యను ప్రశ్నపై పండితులలో వాదమింకను కలదు. ట్రౌటు తలభాగమున గాయమును గుర్తించు నాడులు కలవని 2003లో స్కాట్లండులో పరిశోధించినవారు ప్రకటించిరి. వాదము తేలువరకు దయవైపున నుండుట మనకు నష్టము కాదు.

తెగవలసినచో ఎచ్చట తెగవలెను?

ఎంత జాగ్రత్తపడినను ఒక్కొక్కప్పుడు దారము తెగును. కావున వివేకి యైనవాడు ఎచ్చట తెగవలెనో ముందుగా నిర్ణయించును. పెద్దదారము 8 పౌన్లదైనచో, గాలమునకు కట్టు చివరి జానెడు దారము 6 పౌన్లది ఉండవలెను. అపుడు తెగినను చేపతో పోవునది జానెడే. బెండు, గుండు, గజములకొలది దారము మనయొద్దనే నిలుచును. మన బాలుడు ఆద్యంతము ఒకే దారమును వాడుటచేతనే ఆ చేప గజము దారమును ఈడ్చుకొని తిరిగెను. అట్టి దారము కంపకు చుట్టుకొన్నచో చేప కట్టివేసిన పశువువలె ఆకలితో చచ్చును. సీసపు గుండును కూడ దారమునకు బిగించి ముడివేయరాదు. పెద్దదారము తెగినపుడు గుండు జారి ఊడిపోవునట్లు అమర్చవలెను.

గాలమునకుండు ఎదురుముల్లును పట్టకారుతో నొక్కివేసినచో, తెగిపోయిన గాలమును చేప తానే విదిల్చుకొనుటకు అవకాశము హెచ్చు. మనము తీయునపుడు గాయమును తక్కువ. దారమును బిగువుగా పట్టినచో ముల్లులేని గాలమున చేపలు ఊడిపోవుట అరుదు. బెండు మునిగినతోడనే లాగవలెను; ఆలస్యమైనకొలది గాలము గొంతులోనికి దిగును. లోతుగా మ్రింగిన గాలమును పెరికివేయుటకంటె దారమును నోటికి దగ్గరగా కత్తిరించి విడుచుట మేలు.

గట్టునకు వచ్చిన చేపను దారముతో ఎత్తరాదు. ముడులులేని మెత్తని చేతివలతో ఎత్తవలెను. చేతులను తడిపి పట్టవలెను. పొడిచేయి చేప పొలుసులపైనున్న జిగురుపొరను తుడిచివేయును, దానితో రోగములకు దారి ఏర్పడును. వేడెక్కిన రాళ్ళపై నుంచరాదు. విడుచునపుడు నీటిలో నిటారుగా పట్టుకొని, తానే తోక కదలించి పోవువరకు ఆగవలెను.

కావేరి చెప్పు పాఠము

కర్ణాటకమున స్థిరపడిన మనవారికి దూరము కాని ఉదాహరణ మొకటి కలదు. దక్షిణ కన్నడ జిల్లాలో కలెక్టరుగా నుండిన హెన్రీ సల్లివాన్ థామస్ అను ఆంగ్లేయుడు 1873లో భారతదేశపు గాలపువేటను గూర్చి గ్రంథము ప్రకటించి, మహసీరు చేపను కొనియాడెను. 1946లో కబినీనదిలో 120 పౌన్ల మహసీరు పట్టుబడెను. బండరాళ్ళ నడుమ పరుగెత్తు ఆ చేపకు లావైన దారమే తగును. రాతియంచున సన్ననిదారము క్షణము నిలువదు. దాని తరువాతి దశాబ్దములలో కావేరి ఒడ్డున పట్టినదానిని విడిచిపెట్టు పద్ధతి ప్రబలెను. అయినను ఆ మూపురపు మహసీరు 2018లో అంతరించిపోవు ప్రమాదము అత్యధికముగాగల జాతుల పట్టికకు ఎక్కినది. ఆనకట్టలు, ఇసుక త్రవ్వకము, మందుగుండు వేట దానిని పీడించినవి. మందుగుండుతోను విషముతోను చేపలు చంపుట 1897నాటి చట్టముననుసరించి నేరము. గాలపుదారమును తగినట్లు ఎన్నుకొన్నంతమాత్రమున ఒక జాతి బ్రతుకదు. కాని చిన్నతనమున ఒక చేపకై ఆలోచించుట నేర్చినవాడే పెద్దవాడై ఒక నదికై ఆలోచించును.

తలిదండ్రులకు మనవి

బిడ్డను చెరువునకు పంపుటకుముందు కొన్ని సంగతులు చూడవలసియున్నవి. ఆ నీటిలో చేపల హక్కు ఎవరిదో కనుగొని అనుమతి పొందవలెను. ఈతరాని బిడ్డను ఒంటరిగా పంపరాదు. ఇప్పటి కార్బను గెడలలో విద్యుత్తు ప్రవహించును; కరెంటుతీగల క్రింద గెడ నెత్తరాదు.

చీలినసీసపు గుండ్లను పండ్లతో కొరికి దారమునకు నొక్కుట పిల్లల కలవాటు. దీనిని వెంటనే మాన్పవలెను. సీసము విషము. హంసలు నీటియడుగున దొరకిన సీసపుగుండ్లను మ్రింగి చచ్చుచుండుటచేత, ఇంగ్లండులో ఒక ఔన్సువరకుగల గాలపు సీసపుగుండ్లను 1987లో నిషేధించిరి. అంతపెద్ద పక్షినే చంపిన వస్తువును బిడ్డ నోట పెట్టుకొనుట తగునా?

తెగిన దారపు ముక్కలను గట్టున పారవేయరాదు. నైలాను ఏండ్లతరబడి కుళ్ళదు. కొంగల కాళ్ళకు, నీటికోళ్ళ రెక్కలకు చుట్టుకొనును. వానిని ఇంటికి తెచ్చి, చిన్నముక్కలుగా కత్తిరించి చెత్తలో వేయవలెను.

మన యిండ్లలో చాలమంది పట్టిన చేపను వండుకొనువారే. అందు తప్పేమియు లేదు. కాని విడుచుటకు పట్టువానికిని, వండుకొనుటకు పట్టువానికిని ఈ నియమము సమానము. దారము తెగిపోయిన చేప గిన్నెలోనికి రాలేదు, బ్రతుకునకును నోచుకోలేదు. తినదలచినదానిని వెంటనే తలపై గట్టిగా కొట్టి చంపవలెను. సంచిలో కొట్టుకొనుచు చచ్చునట్లు విడువరాదు.

ఆ బాలుని సంగతి చెప్పి ముగించెదను. అతడు మేనమామ ఇచ్చిన ఉండను పారవేయలేదు. పరిగెలకు మాత్రము వాడుచున్నాడు. బంగారుతీగలకై 10 పౌన్ల దారము కొని, చివర 8 పౌన్లది కట్టుచున్నాడు. ముడిని తడిపి బిగించి, నాయొద్దకు తెచ్చి త్రాసుతో తూచి చూపెను. ఎనిమిదికి కొంచెము తక్కువగా నిలిచెను. "ఇంకను రెండు చేపలు చెరువులో ఉన్నవిగదా, మాస్టారూ" అని తలవంచుకొని అన్నాడు. ఉన్నవో లేవో చెప్పుట నా తరము కాదు. ఆ మాట అతని మనస్సులో నిలిచియున్నంతకాలము నాలుగవది తెగదని మాత్రము చెప్పగలను.